వెంట్రుక మందం ఇరుసు: కీ వాచీ దెబ్బలకు ఎలా ఆగుతుంది?

కీ ఇచ్చి నడిపే చేతి గడియారం ఎంత మొరటు వాడకానికి ఆగుతుందన్న ప్రశ్నకు జవాబు గడియారం మొత్తంలో కాక, దానిలోని ఒకే ఒక్క భాగంలో ఉంటుంది. పైకి కనిపించే స్టీలు కేసు, వెనుక మూత, లోపలి ఇత్తడి పలక, పళ్ళ చక్రాలు తమ పరిమాణాన్ని బట్టి చూస్తే ఎంతో గట్టివి. వాచీ గోడకు తగిలినా, గడప మీద పడినా వీటికి జరిగే నష్టం సాధారణంగా గీతలతోనో చిన్న సొట్టలతోనో సరిపోతుంది. గడియారానికి లయను ఇచ్చే బ్యాలెన్స్ చక్రం సంగతి మాత్రం వేరు. ఆ చక్రం సన్నని ఉక్కు ఇరుసు మీద తిరుగుతుంది. ఇరుసు రెండు కొనలనూ ఎంత సన్నగా చెక్కుతారంటే వాటి మందం 0.1 మిల్లీమీటరు దాటదు, అంటే ఇంచుమించు మనిషి తల వెంట్రుక మందం. యాంత్రిక గడియారాన్ని రోజువారీ జీవితపు ఒడిదొడుకులకు తట్టుకునేలా చేయడానికి రెండు వందల ఏళ్ళకు పైగా సాగిన కృషిలో పెద్ద భాగం ఈ రెండు కొనలను కాపాడడానికే సాగింది. చివరకు ఫలించిన మార్గం కొనలను లావు చేయడం కాదు, వాటిని పట్టి ఉంచే ఆధారాన్ని అవసరమైనప్పుడు పక్కకు జరగనివ్వడం.

ఈ మార్గం ఎందుకు అవసరమైందో తెలియాలంటే గడియారంలో శక్తి నడిచే దారిని ఒకసారి చూడాలి. కీ తిప్పినప్పుడు చిన్న గుండ్రటి డబ్బాలో ఉన్న పొడవాటి ఉక్కు పట్టీ చుట్టుకుంటుంది. దీనిని మెయిన్ స్ప్రింగ్ అంటారు. అది విప్పుకునే కొద్దీ దానిలోని బలం వరుసగా కొన్ని పళ్ళ చక్రాల గుండా ప్రవహించి, ఎస్కేప్‌మెంట్ అనే అమరికను చేరుతుంది. బలం ఒక్కసారిగా ఖర్చైపోకుండా ఒక్కొక్క పంటి చొప్పున వదిలే ద్వారపాలకుని పని ఎస్కేప్‌మెంటుది. ఎప్పుడు వదలాలో చెప్పే పని బ్యాలెన్స్ చక్రానిది. ఈ చక్రానికి హెయిర్ స్ప్రింగ్ అనే అతి సన్నని చుట్ట తగిలించి ఉండడం వల్ల అది ఒకవైపు తిరిగి, వెనక్కు లాగబడి, మళ్ళీ రెండోవైపు తిరుగుతూ ఉంటుంది. పాత తరహా వాచీల్లో ఇది గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదు సార్లు ఊగుతుంది. ఒక రోజుకు లెక్కిస్తే అవి 4,32,000 ఊపులు. రోజులో ఉన్న 86,400 సెకన్లలో వాచీ అర నిమిషం తప్పినా ఆ తప్పు 0.04 శాతానికి లోపే ఉంటుంది కాబట్టి, చేతికి కట్టుకుని పొలానికీ, మిల్లుకూ, బస్సు స్టీరింగ్ దగ్గరకూ తీసుకుపోయే ఒక వస్తువు ఇంత ఖచ్చితంగా నడవడమే నిజానికి గొప్ప విషయం.

ఇలాంటి యంత్రం చేతి నుంచి జారితే ఏమవుతుందో హైస్కూలు భౌతికశాస్త్రంతోనే లెక్క కట్టవచ్చు. ఒక మీటరు ఎత్తు నుంచి, అంటే దాదాపు నడుము ఎత్తు నుంచి జారిన వస్తువు నేలను తాకేటప్పటికి సెకనుకు 4.43 మీటర్ల వేగం అందుకుంటుంది. గంటకు సుమారు 16 కిలోమీటర్లన్న మాట. ఆ వేగం అపాయకరం కాదు, అది ఎంత తక్కువ దూరంలో సున్నా అవుతుందన్నదే అపాయకరం. పరుపు మీద పడి ఒక సెంటీమీటరు దూరంలో ఆగితే, ఆగే ఆ కొద్ది సమయంలో గడియారంలోని ప్రతి భాగం సగటున తన బరువుకు వంద రెట్లు తూగుతుంది. బండల నేల మీద పడి ఒక మిల్లీమీటరులో ఆగితే అది వెయ్యి రెట్లవుతుంది, మిల్లీమీటరులో ఐదో వంతుకే ఆగిపోతే ఐదు వేల రెట్లవుతుంది. ఒక బ్యాలెన్స్ చక్రం బరువు 50 మిల్లీగ్రాములని అనుకుంటే, ఆ క్షణంలో అది పావు కిలో బరువున్నట్టు తన ఇరుసు మీద మోపుతుంది; ఆ పావు కిలోను మోయవలసింది వెంట్రుక మందం ఉన్న ఉక్కు కొన. అది వంగుతుంది, లేదా విరుగుతుంది. తక్కిన చక్రాలు తేలికైనవి, వాటి ఇరుసులు కొంత మందమైనవి కాబట్టి ఇదే దెబ్బకు అవి సాధారణంగా తట్టుకుంటాయి. వాచీ పాతబడిన చాప మీద పడిందా, గ్రానైటు మీద పడిందా అన్న తేడాకు అంత విలువ ఉండడానికి కారణం ఇదే. ఎత్తు రెట్టింపైతే దెబ్బ రెట్టింపే అవుతుంది, కాని నేల స్వభావం మారితే అది పదింతలు, యాభై ఇంతలు కూడా కాగలదు.

అయితే ఆ కొనను లావు చేస్తే సరిపోదా అన్న సందేహం సహజం. ఇరుసు కొన ఎంత లావైతే దాని మీద రాపిడి వల్ల పోయే శక్తి అంత పెరుగుతుంది, చక్రం ఊపు అంత తగ్గుతుంది, ఊపు తగ్గిన కొద్దీ వాచీ సమయం నిలకడగా చూపించలేదు. రాపిడి తగ్గించడానికే ఈ కొనలను కెంపురాయిలో తొలిచిన రంధ్రాల్లో నిలబెడతారు. రాళ్ళను ఇలా తొలిచి గడియారాల్లో వాడే పద్ధతికి నికోలా ఫాషియో 1704లో లండన్‌లో పేటెంటు పొందాడు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగస్త్ వెర్నాయ్ 1902లో కృత్రిమ కెంపును తయారుచేసే పద్ధతిని వెల్లడించిన తరువాత అవి సామాన్యుల వాచీలకూ అందాయి. డయల్ మీద 17 జ్యూయెల్స్ అని రాసి ఉండడం చూసి అవి నగల్లో వాడే రత్నాలని చాలామంది అనుకుంటారు. వాటి విలువ ధరలో లేదు, గట్టిదనంలో, నునుపులో ఉంది. ఆ 17లో నాలుగు ఒక్క బ్యాలెన్స్ ఇరుసుకే, పైన రెండు కింద రెండు చొప్పున కేటాయించి ఉంటాయి. కెంపు గట్టిదే కాని పెళుసు, ఉక్కు కొన సన్ననిది; రెండింటినీ ఇత్తడిలో బిగించేస్తే దెబ్బ తగిలినప్పుడు ఏదో ఒకటి పోక తప్పదు. దెబ్బల నుంచి రక్షణ లేని రోజుల్లో వాచీ రిపేరు చేసేవారి పనిలో విరిగిన ఇరుసు తీసి కొత్తది చెక్కి పెట్టడం నిత్యకృత్యంగా ఉండేది.

ఈ చిక్కుముడిని మొదట విప్పినవాడు పారిస్‌లో స్థిరపడిన స్విస్ గడియార నిపుణుడు ఆబ్రహామ్-లూయీ బ్రెగే. 1790 ప్రాంతంలో ఆయన ఇరుసు కొనలను శంకువు ఆకారంలో చెక్కి, వాటిని పట్టుకునే రాళ్ళను సన్నని స్ప్రింగు పట్టీ చివర అమర్చాడు. దెబ్బ తగిలినప్పుడు పట్టీ వంగి, రాయి ఇరుసుతో పాటు కదిలి, తిరిగి తన చోటికి వచ్చేది. యంత్రంలో బలహీనమైన చోటును బలపరచకుండా దానికి కదిలే వెసులుబాటు ఇవ్వడం ఆ కాలానికి ఎంతో ముందుచూపు గల ఆలోచన. అయితే జేబులో, గుడ్డ పొరల మధ్య భద్రంగా ఉండే గడియారానికి అది తప్పనిసరి అవసరం కాలేదు కాబట్టి, ఖరీదైన పనితనంగానే మిగిలిపోయింది.

అవసరం మొదటి ప్రపంచ యుద్ధంతో ముంచుకొచ్చింది. కందకాల్లో ఉన్న సైనికుడు జేబులోంచి గడియారం తీసి చూసుకునే వీలు లేక దానిని మణికట్టుకు కట్టుకున్నాడు. యుద్ధం ముగిశాక ఆ అలవాటు పౌరులకూ సంక్రమించింది. మనిషి శరీరంలో అతి ఎక్కువగా కదిలే, తలుపుకూ బల్లకూ అతి ఎక్కువగా తగిలే చోటికి గడియారం చేరిన తరువాత ఇరుసులు విరగడం పెరిగింది. 1930ల తొలి అర్ధభాగంలో స్విట్జర్లాండులోని లా షో-ద-ఫాన్ పట్టణంలో ఇంజనీర్లు జార్జ్ బ్రౌన్‌ష్వైగ్, ఫ్రిట్జ్ మార్టీ రూపొందించిన ఇంకాబ్లాక్ అనే అమరిక దీనికి చవకైన, పెద్దఎత్తున తయారు చేయదగిన జవాబు ఇచ్చింది. దాని పనితీరు ఆశ్చర్యపడేంత సరళం. రంధ్రం ఉన్న రాయినీ దాని మీద మూతలా కూర్చునే రాయినీ కలిపి ఒక చిన్న లోహపు గిన్నెలో పెడతారు. ఆ గిన్నె వాలుగా చెక్కిన గోడలున్న గుంటలో కూర్చుంటుంది. దానిని పైనుంచి బంగారు రంగులో మెరిసే ఒక చిన్న స్ప్రింగు అదిమి ఉంచుతుంది. పక్క నుంచి దెబ్బ తగిలితే గిన్నె వాలు వెంట పైకి జారుతుంది, ఇరుసు పక్కకు ఒరుగుతుంది, కాని ఒక వెంట్రుకవాసి జరిగేసరికి దాని సన్నని కొన కాక, దాని వెనుకనున్న లావైన భాగం గట్టి లోహపు గోడకు ఆనుతుంది. దెబ్బ బరువును ఆ గోడ మోస్తుంది. దెబ్బ తీరగానే స్ప్రింగు గిన్నెను అదిమి, వాలే దారిచూపగా సరిగ్గా మధ్యకు తెచ్చి నిలబెడుతుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూగా జరిగిపోతుంది. పాత వాచీ వెనుక మూత తీసి చూస్తే, అటూ ఇటూ ఊగే చక్రానికి సరిగ్గా మధ్యన, ఎర్రని రాయి మీద ఈ స్ప్రింగు కనిపిస్తుంది. అది ఉందో లేదో చూస్తే ఆ వాచీ దెబ్బలను ఉద్దేశించి చేసిందో కాదో తెలిసిపోతుంది.

తరువాత కిఫ్, జపాన్ వారి డయాషాక్, పారాషాక్ వంటి అమరికలు ఇదే సూత్రం మీద వచ్చాయి. స్ప్రింగు ఆకారం మారింది కాని ఆలోచన మారలేదు. వీటిలో పారాషాక్ పేరు భారతీయులకు బాగా పరిచితం. బెంగళూరులో హెచ్‌ఎంటీ సంస్థ జపాన్ సిటిజెన్ కంపెనీ సహకారంతో 1961లో గడియారాల కర్మాగారం నెలకొల్పినప్పుడు ఈ అమరిక కూడా ఆ సాంకేతికతతో పాటు మన దేశానికి వచ్చింది. జనతా వంటి కీ వాచీల డయల్ మీద 17 జ్యూయెల్స్, పారాషాక్ అనే మాటలు పక్కపక్కనే ముద్రించేవారు. పెళ్ళికొడుక్కి పెట్టిన వాచీ, ఉద్యోగంలో చేరిన రోజున తండ్రి కొనిచ్చిన వాచీ అంటే తెలుగునాట ఒక తరానికి ఇదే. ఆ వాచీ పొలంలో, ఆర్టీసీ డిపోలో, బడిలో, బీడీల కార్ఖానాలో దశాబ్దాల పాటు నడవడానికి దాని నిరాడంబరత చాలావరకు కారణం. దానిలో తేదీ చూపే చక్రాలు లేవు, చేతి కదలికతో తనంతట తాను కీ చుట్టుకునే ఆటోమేటిక్ వాచీల్లో ఉండే బరువైన రోటరు లేదు. రోటరు అంటే వాచీ వెనుక భాగంలో గుండ్రంగా తిరిగే అర్ధచంద్రాకారపు లోహపు దిమ్మె. బరువంతా అంచున ఉండడం వల్ల గట్టి దెబ్బకు దాని ఇరుసు వంగి, అది తిరిగినప్పుడల్లా కింది పలకను గీరుతూ శబ్దం చేయడం కద్దు. లేని భాగం చెడిపోదు కాబట్టి, మొరటు వాడకానికి సాదా కీ వాచీని మించినది యాంత్రిక గడియారాల్లో అరుదు.

దెబ్బకు ఆగుతుందని ఒక వాచీ మీద రాయడానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఐఎస్ఓ 1413 అనే ఆ ప్రమాణం ప్రకారం మూడు కిలోల బరువున్న సుత్తిని లోలకంలా ఊపి, సెకనుకు 4.43 మీటర్ల వేగంతో గడియారాన్ని కొడతారు. ఈ అంకె పైన చెప్పిన మీటరు ఎత్తు నుంచి పడిన వేగమే. ఒక దెబ్బ తొమ్మిది అంకె ఉన్న పక్క నుంచి, మరొకటి నేరుగా గాజు మీద. ఆ రెండు దెబ్బల తరువాత వాచీ నడుస్తూనే ఉండాలి, రోజువారీ నడకలో వచ్చిన మార్పు 60 సెకన్లు మించకూడదు. ఈ పరీక్షలో గమనించవలసిన మర్మం ఒకటి ఉంది. అది ఒక ప్రమాదానికి తట్టుకుంటుందనే హామీయే తప్ప, రోజూ అలాంటి దెబ్బలు తినవచ్చన్న అనుమతి కాదు. పైగా పరీక్షకు నిలిచిన వాచీ కూడా ఆ తరువాత రోజుకు ఒక నిమిషం దాకా తప్పవచ్చు.

ఇంతకంటే కఠినమైన పరీక్షలు లేకపోలేదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన వ్యోమగాముల కోసం వాచీలను ఎంపిక చేస్తూ వాటిని 93 డిగ్రీల వేడిలో, గడ్డకట్టే చలిలో, తేమలో, శూన్యంలో ఉంచి, ఆరు వేర్వేరు దిశల నుంచి భూమ్యాకర్షణకు 40 రెట్ల కుదుపులు ఇచ్చి చూసింది. చివరకు 1965 మార్చిలో ఒమేగా స్పీడ్‌మాస్టర్ అనే కీ వాచీని ఆమోదించింది. వంటింటి బండల మీద పడిన వాచీకి వెయ్యి రెట్ల దెబ్బ తగిలినప్పుడు నాసా 40 రెట్లతో సరిపెట్టుకోవడం విచిత్రంగా అనిపించవచ్చు. తేడా కాలంలో ఉంది. నాసా కుదుపు ఒక్కొక్కటి సెకనులో వెయ్యింట 11 వంతులు సాగింది. బండ మీద ఒక మిల్లీమీటరులో ఆగే వాచీ సెకనులో వెయ్యో వంతుకు సగం కూడా పట్టకుండానే ఆగిపోతుంది. రాకెట్ ప్రయాణం వాచీ మొత్తాన్ని ఎక్కువసేపు కుదుపుతుంది, నేల దాని ఇరుసును ఒక్క క్షణం నొక్కి వదులుతుంది. ఆ ఒక్క క్షణపు తీవ్రతలో ఇంటి నేలదే పైచేయి.

చంద్రుని దాకా వెళ్ళిన ఆ వాచీలోనూ ఒక బలహీనత బయటపడింది, అదీ లోపలి యంత్రంలో కాదు. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుని మీద రెండోసారి నడిచి వచ్చాక చూసుకుంటే వాచీ మీది పారదర్శక కవచం ఊడిపోయి ఉంది. మూడో నడకకు ఆయన తన వెంట తెచ్చుకున్న మరో వాచీ కట్టుకోవలసి వచ్చింది. గాజు పగలడం చేతి గడియారాలను మొదటి నుంచీ వేధించిన సమస్యే. బ్రిటిష్ పాలనలో భారతదేశంలో పోలో ఆడే సైనికాధికారుల వాచీల గాజులు కర్రల దెబ్బలకు పగులుతున్నాయన్న ఫిర్యాదు నుంచే, గాజును లోపలికి తిప్పి లోహపు వీపును బయటికి చూపించే రివెర్సో అనే వాచీ 1931లో పుట్టింది. ఇప్పటి వాచీల్లో మూడు రకాల గాజులు ఉంటాయి. ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్ సులభంగా గీతలు పడుతుంది కాని పగిలి ముక్కలవడం అరుదు, గీతలను పళ్ళపొడి లాంటి సన్నని పాలిషుతో పోగొట్టవచ్చు. మామూలు ఖనిజ గాజు మధ్యస్థం. వజ్రం తప్ప ఇంచుమించు దేనికీ గీత పడని సఫైర్ గాజు గట్టి దెబ్బకు పగిలి, దాని నలుసులు డయల్‌నూ ముళ్ళనూ గీస్తాయి. గీతలకు ఆగడం, దెబ్బకు ఆగడం రెండు వేర్వేరు గుణాలన్న సంగతి కొనేవారు చాలామంది పట్టించుకోరు. ఇటుకలు మోసేవాడి చేతికి, మిల్లులో పనిచేసేవాడి చేతికి ఖరీదైన సఫైర్ కంటే చవకైన ఆక్రిలిక్కే నిజమైన స్నేహితుడు.

ఒక్క పెద్ద దెబ్బ కంటే అదే పనిగా తగిలే చిన్న దెబ్బలు వేరే తీరున హాని చేస్తాయి. సుత్తి కొట్టేవారి, కాంక్రీటు పగలగొట్టే యంత్రం పట్టుకునేవారి మణికట్టు మీద పడే కుదుపులకు ఇరుసు విరగకపోవచ్చు, కాని మరలు క్రమంగా వదులవుతాయి, ముళ్ళు తమ ఇరుసు మీద జారతాయి, బ్యాలెన్స్ చక్రం హద్దు మీరి ఊగి తన కింది భాగాలను తాకుతుంది. చేతి కదలిక లయ, చక్రం ఊపు లయ దగ్గరదగ్గరగా ఉన్న కొద్దీ సమయం మీద ప్రభావం ఎక్కువ పడుతుంది కాబట్టే, తరువాతి వాచీల్లో ఊపులను గంటకు 28,800కు పెంచారు. ఇలాంటి పనులు చేసేటప్పుడు యాంత్రిక వాచీని విప్పి పక్కన పెట్టడం మేలు. క్వార్ట్జ్ వాచీలో బ్యాలెన్స్ ఇరుసు ఉండదు కాబట్టి ఆ పనులకు దానిదే యోగ్యత.

అయితే వాచీలను చంపేవి ఎక్కువగా దెబ్బలు కావు. చెమట, ఆవిరి, సముద్రతీరపు గాలిలోని ఉప్పుతడి, కీ తిప్పే బొడిపె దగ్గర అరిగిన రబ్బరు వాషరు గుండా లోపలికి పోయి, ముందుగా కీ ఇరుసుకు తుప్పు పట్టిస్తాయి. కాకినాడ నుంచి నెల్లూరు దాకా కోస్తాలో వాడిన పాత వాచీలలో డయల్ అంచుల నుంచి గోధుమరంగు మరకలు పాకడం కనిపించేది ఈ కారణం వల్లే. డయల్ మీద 30 మీటర్లని రాసి ఉన్నంత మాత్రాన నీటిలో మునగవచ్చని కాదు. అది కొత్త వాషరుతో, కదలని నీటి ఒత్తిడిలో చేసిన పరీక్ష ఫలితం, చేతులు కడుక్కునేటప్పుడు పడే చిలకరింపుకు మించి దానిని నమ్మకూడదు. మరో శత్రువు అయస్కాంతం. ఫోన్ కవర్ల మూతల్లో, స్పీకర్లలో, హ్యాండ్‌బ్యాగు పట్టీల్లో ఉండే అయస్కాంతాలు పాత ఉక్కు హెయిర్ స్ప్రింగును అయస్కాంతీకరించి, దాని చుట్టలు ఒకదానికొకటి అంటుకునేలా చేస్తే వాచీ రోజుకు కొన్ని నిమిషాలు ముందుకు పరుగెడుతుంది. అదృష్టవశాత్తు రిపేరు దుకాణంలో అయస్కాంతం తీసే పరికరంతో కొద్ది క్షణాల్లో ఇది నయమవుతుంది. సిలికాన్‌తో చేసే నేటి కొన్ని స్ప్రింగులకు అయస్కాంతం బాధ లేదు, కాని అవి ఉక్కులా వంగవు, అవధి దాటితే విరుగుతాయి. అన్నింటికంటే నిశ్శబ్దంగా జరిగే హాని నూనె ఎండిపోవడం. నాలుగైదేళ్ళకు లోపలి నూనె చిక్కబడి, ఇరుసు కొనలు పొడి రాయి మీద తిరుగుతూ అరుగుతాయి. ఇలా అరిగిన కొన మామూలు దెబ్బకు కూడా పోతుంది. షాక్ అమరికను నమ్మి సర్వీసింగ్ మానేసినవారు, గట్టి దెబ్బ తినకుండానే వాచీని పోగొట్టుకుంటారు.

పడిపోయిన వాచీని ఎలా పరీక్షించాలో కొన్ని గుర్తులున్నాయి. అది పూర్తిగా ఆగిపోతే విషయం స్పష్టమే. నడుస్తూనే ఉన్నా, ఒక్కసారిగా రోజుకు నిమిషాలు ముందుకు పోతే హెయిర్ స్ప్రింగు చుట్టలు తగులుకుని ఉండవచ్చు. డయల్ పైకి ఉన్నప్పుడు బాగా నడిచి, బోర్లా పెట్టగానే మందగిస్తే ఇరుసు కొన ఒకటి వంగి ఉండవచ్చు. టైమ్‌గ్రాఫర్ అనే పరికరం టిక్కుమనే శబ్దాన్ని విని, చక్రం ఎంత కోణంలో ఊగుతోందో చూపిస్తుంది కాబట్టి, మూత తెరవకముందే ఈ తేడా దుకాణంలో తెలుస్తుంది. ఇరుసు విరిగిందని తేలితే బ్యాలెన్స్‌ను విప్పి, పాత ఇరుసును తీసి కొత్తది అమర్చి, చక్రం తూకాన్ని సరిచేయాలి. పట్టకారుతో పట్టుకున్న షాక్ స్ప్రింగు ఎగిరి నేల మీద పడితే మళ్ళీ దొరకడం కష్టం కనుక, అనుభవజ్ఞులు దానిని పూర్తిగా తీయకుండా ఒక పక్కకు తెరిచి రాయిని శుభ్రం చేస్తారు. కేంద్ర ప్రభుత్వం 2016లో హెచ్‌ఎంటీ వాచీల సంస్థను మూసివేయడానికి ఆమోదం తెలిపిన తరువాత, జనతా ఇరుసులూ షాక్ స్ప్రింగులూ ఎక్కువగా నడవని పాత వాచీల నుంచే వస్తున్నాయి. అలా ఏరి పెట్టుకున్న భాగాల డబ్బా ఉన్న రిపేరు మనిషి దగ్గర ఆ వాచీకి ఇంకా ఆయుష్షు ఉంది.